తక్కువ కొనండి, నేత చూసి కొనండి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో కొత్తగా జీతం అందుకుంటున్న యువతీయువకులకు బహిరంగ లేఖ

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా,

మీలో కొందరు ఈ మధ్యే బడిలో టీచరుగా చేరారు. కొందరు పోటీ పరీక్షలు గెలిచి తహసీలు ఆఫీసులోనో బ్యాంకులోనో కుర్చీ అందుకున్నారు. మూడు జిల్లా కేంద్రాల్లోనూ ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అక్కడి వార్డుల్లో, ల్యాబుల్లో పనిచేస్తున్నవాళ్లూ మీలో ఉన్నారు. విత్తనాల కంపెనీల్లో, ప్రైవేటు కాలేజీల్లో, సెల్‌ఫోన్ దుకాణాల్లో తొలి జీతం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. జీతం చేతికి రాగానే కొనే మొదటి వస్తువుల్లో బట్టలు ఒకటి. కొనుక్కోవాలి కూడా. అన్న చొక్కా తమ్ముడికి, అక్క డ్రెస్సు చెల్లెకు దిగివచ్చిన ఇళ్లు మనవి. సొంత డబ్బుతో, సొంత ఇష్టంతో బట్ట కొనుక్కోవడంలో ఉన్న సంతోషాన్ని తగ్గించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ సంతోషం నెల తిరక్కుండానే ఎందుకు వెలిసిపోతోందో, ఏళ్లపాటు నిలవాలంటే ఏం చేయాలో చెప్పడానికి రాస్తున్నాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. తక్కువ కొనండి, నేత చూసి కొనండి, చిరిగేదాకా కట్టండి. ఈ మాట ఏ ఊరివాళ్లకైనా పనికొస్తుంది. మీకే ప్రత్యేకంగా చెప్పడానికి కారణం మీరున్న చోటు. పత్తి పండే చేన్ల పక్కన, మగ్గం చప్పుడు ఇంకా వినిపించే ఊళ్ల మధ్య ఉన్నారు మీరు. బట్టలో మంచి ఏదో చెడు ఏదో తెలుసుకోవడానికి హైదరాబాదు మాల్‌కు పోవాల్సిన అవసరం మీకు లేదు. బస్సెక్కితే ఆ బట్ట నేసిన మనిషినే అడగవచ్చు. దేశంలో ఎంతమందికి ఈ వీలుంది?

ఒకప్పుడు మన ఇళ్లలో బట్టల కొనుగోలుకు ఒక కాలముండేది. దసరాకు, ఉగాదికి, పెళ్లికి, బడి తెరిచేటప్పుడు. ఇంటిల్లిపాదీ దుకాణానికి వెళ్లి, చాప మీద కూర్చుని, బట్టను చేత్తో నలిపి, వెలుగుకు ఎత్తి చూసి, బేరమాడి కొనేవాళ్లు. ఇప్పుడు రోజూ పండగే. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో నాలుగు బొమ్మలు చూస్తాం, ధర మీద అడ్డగీత కనబడుతుంది, ఇంకో రెండు గంటల్లో ఆఫర్ అయిపోతుందని రాసి ఉంటుంది, వేలు దానంతటదే నొక్కేస్తుంది. మూడోనాటికి పార్సిల్ మండల కేంద్రానికి వచ్చేస్తుంది. వచ్చిన చొక్కా నాలుగు ఉతుకులకు ఉండలు కడుతుంది, కాలరు వంగిపోతుంది, చంకల దగ్గర కుట్టు ఊడుతుంది. వాపసు పంపే గడువు దాటిపోయి ఉంటుంది. బీరువా తలుపు మూసుకోదు, అయినా పొద్దున డ్యూటీకి బయలుదేరేటప్పుడు వేసుకోవడానికి ఏమీ లేదనిపిస్తుంది. అది మీ చాపల్యం వల్ల వచ్చిన ఇబ్బంది అని నేను అనను. తొందరగా పాడవడానికే తయారైన బట్టను, తొందరపెట్టి అమ్మే పద్ధతి అది.

ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ అనే సంస్థ 2017లో వెలువరించిన నివేదిక ప్రకారం, అంతకు ముందు 15 ఏళ్లలో ప్రపంచంలో బట్టల ఉత్పత్తి దాదాపు రెట్టింపైంది. అదే కాలంలో ఒక్కో బట్టను మనిషి పారేసేలోగా వేసుకునే సార్లు 36 శాతం తగ్గాయి. అంటే ఎక్కువ తయారవుతున్నాయి, తక్కువసార్లు ఒంటి మీదికి ఎక్కుతున్నాయి. ఒక్క నూలు టీషర్టు తయారవడానికి పత్తి చేనుతో కలిపి సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని ప్రపంచ వన్యప్రాణి నిధి లెక్క చెప్పింది. కృష్ణ నీళ్ల కోసం దశాబ్దాలుగా కొట్లాడుతున్న పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) బిడ్డలకు నీళ్ల విలువ ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బట్టలు కుట్టే కార్మికులు. చవక చొక్కా ధర చీటీ మీద కనిపించని ఖర్చు ఎవరో ఒకరు చెల్లిస్తూనే ఉన్నారు.

దీనికి విరుగుడుగా పడమటి దేశాల్లో ఒక ఆలోచన పుట్టింది. 1970లలో లండన్‌లో బట్టల దుకాణం నడిపిన సూసీ ఫాక్స్, ఒకదానితో ఒకటి కలిసే కొద్దిపాటి మంచి బట్టలతో ఏళ్లపాటు గడపవచ్చని చెప్పి, క్యాప్సూల్ వార్డ్‌రోబ్ అనే మాటకు ప్రచారం తెచ్చింది. 1985లో న్యూయార్క్‌లో డోనా కరన్ ఏడే ఏడు రకాల దుస్తుల సంపుటితో ఆ ఆలోచనను ఉద్యోగాలు చేసే ఆడవాళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. ఇప్పుడు మన యూట్యూబ్ చానళ్లలో కూడా ఆ మాట వినిపిస్తోంది. అయితే ఆ వీడియోల్లో చూపించే లేత గోధుమరంగు కోట్లు, ఉన్ని ప్యాంట్లు మనకెందుకు? నలభై డిగ్రీలు దాటే ఎండల్లో, గాలాడని బస్సుల్లో తిరిగే మనకు కావలసిన జాబితా వేరు. ఆలోచన తీసుకుందాం, జాబితా మాత్రం మనమే రాసుకుందాం.

ఆ జాబితా రాసుకోవడానికి మనకో పెద్ద దిక్కు కూడా ఉన్నాడు. గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వాడైన సురవరం ప్రతాపరెడ్డి. 1952లో వనపర్తి నుంచే హైదరాబాదు రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. ఆయన రాసిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది, తెలుగులో ఆ గౌరవం అందుకున్న మొదటి పుస్తకం అదే. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి, తెలుగువాళ్లు ఏ కాలంలో ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లోంచి ఏరి చూపించాడు. మనిషి కట్టిన బట్ట కూడా చరిత్రేనని మన నేల మీది మనిషే తేల్చి చెప్పాడు. రేపు ఎవరైనా మన కాలం గురించి రాస్తే, ఆరు నెలలకోసారి పారేసిన పాలిస్టర్ కుప్ప గురించి రాయాల్సి రాకూడదు.

మంచి బట్ట అంటే ఏమిటో తెలుసుకోవాలంటే గద్వాల చీర ముందు కాసేపు కూర్చోండి. కొనకపోయినా ఫరవాలేదు, చూడండి. చీర ఒళ్లంతా నూలు; అంచు, కొంగు పట్టు, జరీ. నూలు చల్లదనం, పట్టు నిండుదనం ఒకే చీరలో ఉంటాయి. అందుకే ఎండాకాలపు పెళ్లిలో కూడా ఒంటికి బరువనిపించదు. నూలుకూ పట్టుకూ సాగే గుణం వేరు, మందం వేరు. ఆ రెండింటినీ పక్కపక్కన నిలిపి నేయాలంటే ఒకే నాడెతో కాదు. ఒళ్లు నేసే నాడె ఒకటి, రెండు వైపుల అంచులకు వేరే నాడెలు. అంచు మొదలయ్యే చోట ఒళ్లు పేక (అడ్డపోగు), అంచు పేక ఒకదానినొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. దీన్నే కుట్టు అంచు అంటారు, కుప్పడం అంటారు. సూదితో కుట్టింది కాదు, నేతలోనే కలిసిన కలయిక. అందుకే ఒకరు నేస్తుంటే నాడె అందించడానికి పక్కన ఇంకో మనిషి కూడా తరచూ కావాలి. కొంగు దగ్గర పడుగు (నిలువు) పోగులే మారతాయి. నూలు పోగుకు పట్టు పోగును ఒక్కొక్కటిగా చేత్తో కలపాలి. ఒక్క చీరకు రోజులకు రోజులు పట్టేది అందుకే. అంచు మీది కోటకొమ్మ బొమ్మ సూటిగా లేచిందా, పోగు ఎక్కడైనా తప్పిందా అని నేతగాడు ప్రతి జానెడుకూ చూసుకుంటాడు. ఆ చూపును మీరు కాస్త అరువు తెచ్చుకుంటే చాలు, ఇక ఏ బట్టా మిమ్మల్ని మోసం చేయలేదు.

ఇదే గద్వాల నుంచి ప్రతి ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందు స్వామివారికి ఏరువాడ జోడు పంచెలు వెళ్తాయి. సంస్థానం కాలం నుంచి వస్తున్న ఆచారం. నేతగాళ్లు దీక్ష పట్టి, నియమంగా నేస్తారు. ఏడాదికి జోడు పంచెలే. వాటి వెనుక ఎన్నో రోజుల పని. దేవుడికైనా లెక్కపెట్టి ఇచ్చి, ఇచ్చినదాన్ని ఒళ్లు దగ్గర పెట్టుకుని నేసే సంప్రదాయం మనది. మన ఒంటికి మనం కొనేటప్పుడు కూడా ఆ శ్రద్ధలో కొంచెమైనా చూపాలి.

గద్వాల పట్టణం ఒక్కటే కాదు, చుట్టూ చూడండి. తుంగభద్ర ఒడ్డున రాజోలి ఉంది. 2009 అక్టోబరు వరదలో ఊరు మునిగి, మగ్గాలు పాడైపోయి, నూలు కొట్టుకుపోయినా మళ్లీ మగ్గం నిలబెట్టుకున్న ఊరు. వనపర్తి జిల్లాలో అమరచింత, కొత్తకోట చేనేతకు పేరున్న ఊళ్లు. పక్కనే నారాయణపేట, రోజూ కట్టుకునే నూలు చీరలకు, గళ్ల చీరలకు అంతకు మించిన చోటు వెతకనక్కర్లేదు. నాగర్‌కర్నూల్ జిల్లాలో పత్తి చేన్లు కనుచూపు మేరా ఉంటాయి. కృష్ణా, తుంగభద్రల మధ్యనున్న నడిగడ్డలో సీడ్ పత్తి కోసం ఆడవాళ్లు పొద్దున్నే చేన్లో దిగి, పువ్వు పువ్వుకూ చేత్తో క్రాసింగ్ చేస్తారు. మన విత్తనం దేశం నలుమూలలా మొలిచి, ఆ పత్తి మిల్లుకు పోయి, నూలయ్యి, బట్టయ్యి, ఎక్కడెక్కడో తిరిగి మళ్లీ మన బీరువాలోకి వస్తోంది. మధ్యలో ఉన్న పాలిస్టర్ కలుపును గుర్తుపట్టగలిగే శక్తి మాత్రం మన చేతిలో ఉండాలి.

ఇక జాబితాకు వద్దాం. ఇది నా సలహా మాత్రమే, మీ పనిని బట్టి మార్చుకోండి. ఉద్యోగానికి వెళ్లే మగవాళ్లకు ఐదు నూలు చొక్కాలు చాలు: రెండు తెల్లవో లేత రంగువో, రెండు సన్నగీతలవో గళ్లవో, ఒకటి ముదురు రంగుది. మూడు ప్యాంట్లు: నలుపు, ముదురు నీలం, బూడిద రంగు. ఏ చొక్కా ఏ ప్యాంటు మీదికైనా నప్పాలి. అప్పుడు ఎనిమిది బట్టలతో పదిహేను జతలవుతాయి. ఇంట్లోకి రెండు లుంగీలు, రెండు చేనేత తువ్వాళ్లు. పండగకూ పెళ్లికీ ఒక మంచి పంచె, కండువా. చలికాలానికి ఒక స్వెట్టరు. ఊళ్లో చేను కాపలాకు వెళ్లే అలవాటుంటే పాలమూరు గొంగడి ఒకటి. అది వానకూ చలికీ పనికొస్తుంది, ఏళ్లకేళ్లు మన్నుతుంది.

చీరలు కట్టే చెల్లెళ్లకు ఆరు నూలు చీరలు చాలు. అందులో నాలుగు నారాయణపేటవో, అలాంటి మగ్గం నూలువో. వాటి అంచు రంగులు ముందే చూసి కొంటే ఒక్కో జాకెట్టు రెండు మూడు చీరలకు సరిపోతుంది. డ్రెస్సులు వేసుకునేవాళ్లకు ఐదు నూలు కుర్తాలు, వాటన్నిటికీ కలిసే మూడు సల్వార్లో ప్యాంట్లో, రెండు చున్నీలు. వీటితోపాటు ఒక్క గద్వాల చీర. ఆ ఒక్కటీ తొలి నెలలోనే కొనాలని లేదు. చీటీ కట్టుకున్నట్టు నెలనెలా కొంత పక్కన పెట్టి, ఏడాది చివర సంతోషంగా కొనుక్కోండి. పెళ్లిచూపులకు, అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కు, ఆఫీసులో వీడ్కోలు సభకు అదే చీర కట్టండి. కట్టిందే కట్టిందని ఎవరైనా అంటే అననివ్వండి. మంచి చీరను మళ్లీ మళ్లీ చూడటం కళ్లకు కష్టం కాదు.

కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను. మొదట బట్టను వెలుగుకు ఎత్తి పట్టుకోండి. నేత ఒకే సాంద్రతతో ఉందా, మధ్యమధ్యలో పలచబడిందా చూడండి. గుప్పిట్లో గట్టిగా నలిపి వదలండి. నూలు ముడత పడుతుంది, తర్వాత చేత్తో తుడిస్తే కొంత సర్దుకుంటుంది. ముడతే పడకపోతే అందులో పాలిస్టర్ ఉందని అనుమానించండి. తడి తెల్లగుడ్డతో ఒక మూల రుద్దండి, రంగు ఎంత అంటుతుందో తెలుస్తుంది. చొక్కా అయితే లోపలి వైపు తిప్పి కుట్లు చూడండి, అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయో, చంక దగ్గర రెండు వరసలున్నాయో లేదో చూడండి. గుండీ ఒకసారి లాగి చూడండి. నూలు కౌంటు అడగండి: 80, 100, 120 అని అంకె పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది. రోజూ కట్టే బట్టకు మరీ సన్నం అక్కర్లేదు. పెద్ద కౌంటు అంటే ఎప్పుడూ మేలురకమే అనే భ్రమ వద్దు, మీ పనికి సరిపడేది కావాలి.

చేనేత అని అమ్మితే చేనేత గుర్తు అడగండి. 2006 నుంచి కేంద్రం ఇస్తున్న హ్యాండ్‌లూమ్ మార్క్ చీటీ ఉంటుంది. పట్టు అని చెప్తే సిల్క్ మార్క్ అడగండి. గద్వాల చీరకు 1999 నాటి చట్టం కింద భౌగోళిక గుర్తింపు ఉంది. అంటే ఇంకెక్కడో నేసిన బట్టను గద్వాల చీర అని అమ్మడం చట్టం ఒప్పుకోదు. ‘గద్వాల మోడల్’, ‘గద్వాల టైపు’ అనే మాట వినబడిందంటే ఆగి ఆలోచించండి. చీర తిరగేసి ఒళ్లూ అంచూ కలిసే గీత మీద వేలు పెట్టండి. కుట్టు అంచులో పేకలు మెలేసుకున్న సన్నని గట్టు చేతికి తగులుతుంది. మగ్గం మీద నేసిన బట్ట రెండు అంచుల పొడవునా, నేసేటప్పుడు వెడల్పు లాగి పట్టడానికి పెట్టిన కర్ర సూదుల సన్న రంధ్రాలు కనిపించవచ్చు. అనుమానం తీరకపోతే లోపలి అంచు నుంచి ఒక్క పోగు లాగి నిప్పు తగిలించండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పట్టు వెంట్రుకలు కాలిన వాసనేసి, నలిపితే పొడవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

జరీ గురించీ అడగండి. వెండి పోగు మీద బంగారు పూత వేసిన జరీ ఒకటి, రాగి మీద పూత వేసినది ఒకటి, ప్లాస్టిక్ జరీ ఒకటి. మూడూ మెరుస్తాయి, ధరలో, మన్నికలో మాత్రం ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. ఏ జరీకి ఎంత ఇస్తున్నామో తెలిసి ఇస్తే ఏదీ తప్పు కాదు. తెలియక ఇవ్వడమే నష్టం.

ధర దగ్గర చాలామంది వెనక్కి తగ్గుతారు. తొలి జీతంలో అద్దె, అప్పు, ఇంటికి పంపేది పోగా మిగిలేది ఎంతో నాకు తెలుసు. అందుకే ఒక చిన్న లెక్క. 400 రూపాయల చొక్కా ఇరవై సార్లకే పాడైందనుకోండి, ఒక్కసారి వేసుకోవడానికి 20 రూపాయలు పడింది. 1,200 రూపాయల మంచి నూలు చొక్కా నూటయాభై సార్లు వేసుకుంటే ఒక్కసారికి 8 రూపాయలు. ఏది చవక? ఒకేసారి అన్నీ కొనమని నేను అనడం లేదు. నెలకు ఒకటి కొనండి, ఏడాదిన్నరలోపు జాబితా నిండుతుంది. అప్పు చేసి, వాయిదాల మీద బట్టలు మాత్రం కొనకండి. చొక్కా చిరిగాక కూడా వాయిదా మిగలడం మన ఇళ్లకు భారం. డబ్బు బొత్తిగా చాలకపోతే మరమగ్గం నూలు కొనుక్కోండి, అందులోనూ మంచి రకాలున్నాయి. చేనేత కొనలేకపోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నూలు అని చెప్పి అంటగట్టిన నైలాన్‌ను గుర్తుపట్టగలిగితే చాలు.

కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇలాంటిది ఇంట్లో ఇప్పటికే ఉందా? నా దగ్గర ఉన్నవాటిలో కనీసం మూడింటితో ఇది కలుస్తుందా? వచ్చే ఉగాది నాటికి కూడా ఇది వేసుకుంటానా? ఫోన్‌లో నచ్చింది ఏదైనా ఉంటే వారం రోజులు బుట్టలో పెట్టి వదిలేయండి. వారం తర్వాత కూడా దాని మీద మనసుంటే కొనండి. చాలాసార్లు ఉండదు.

టైలరును మరిచిపోవద్దు. మన ఊళ్లలో ఇంకా మంచి టైలర్లున్నారు. మీటరు చొప్పున చేనేత చొక్కా గుడ్డ తెచ్చి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టి, అది కుంచించుకున్నాక కుట్టించండి. లోపల కుట్టుకు ఎక్కువ గుడ్డ వదలమనండి. రేపు ఒళ్లు వస్తే విప్పుకోవచ్చు. గుండీ ఊడితే కుట్టుకోవడం, అంచు విడిపోతే సూది వేయడం, కాలరు అరిగితే తిప్పించి కుట్టించడం మన అమ్మలకు అమ్మమ్మలకు మామూలు పని. అది పేదరికానికి గుర్తని మనకెవరు నేర్పారో గాని, ఆ పాఠం మరిచిపోవాలి.

కాపాడుకోవడం సగం కొనుగోలుతో సమానం. రంగు నూలు బట్టల్ని మొదటి రెండు మూడు సార్లు విడిగా, చల్లటి నీళ్లలో ఉతకండి. నీడన, తిరగేసి ఆరేయండి. గద్వాల చీరను కుంకుడు రసంతోనో మెత్తటి సబ్బుతోనో చేత్తో ఉతకాలి, లేదా డ్రైక్లీనింగ్‌కు ఇవ్వాలి. జరీ ఉన్న చీరను నెలలకొద్దీ ఒకే మడతలో ఉంచితే ఆ మడత దగ్గరే తెగుతుంది. అందుకే రెండు మూడు నెలలకోసారి తీసి, గాలికి ఆరబెట్టి, మడత మార్చండి. గంజి పెట్టిన బట్టను చాలా కాలం దాచొద్దు, పురుగు పడుతుంది. ప్లాస్టిక్ సంచి వద్దు, పాత నూలు గుడ్డలో చుట్టండి.

ఇప్పుడు కాస్త కష్టమైన మాట. మన పాలమూరు ఇళ్లలో బీరువాలు నిండటానికి మన కొనుగోళ్లతోపాటు ఇంకో పెద్ద కారణముంది. పెట్టుడు బట్టలు. పెళ్లికి, ఒడిబియ్యానికి, గృహప్రవేశానికి, దినాలకు బట్టలు పెట్టడం మర్యాద. ఆ మర్యాద పెద్దదే. కాని జాబితాలో నూరు మంది ఉంటే, ఒక్కొక్కరికీ దొరికినంత చవక చీర ఒకటి, కొలత తెలియని ప్యాంటు గుడ్డ ఒకటి. తీసుకున్నవాళ్లు కట్టరు, కవర్లోనే ఉంచి వచ్చే పెళ్లిలో ఇంకొకరికి పెడతారు. ఒకే చీర నాలుగైదు ఇళ్లు తిరిగి, ఒక్కసారైనా ఒంటి మీదికి ఎక్కకుండా పాతబడుతుంది. పెట్టినవాళ్ల డబ్బూ వృథా, పుచ్చుకున్నవాళ్ల బీరువా కూడా వృథా. పెళ్లి చేసుకోబోతున్న తరం మీది. మీ ఇంట్లో కూర్చుని పెద్దలతో మాట్లాడండి. దగ్గరివాళ్లు పది మందికి నిజంగా కట్టుకునే చీర పెడదామనండి. మిగతా అందరికీ ఒక చేనేత తువ్వాలో లుంగీయో పెడదామనండి. తువ్వాలు ప్రతి ఇంట్లో వాడతారు, పెట్టినవాళ్ల పేరు చెప్పుకుంటూ తుడుచుకుంటారు. మర్యాద ఎక్కడికీ పోదు, పైగా ఒక మగ్గానికి పని దొరుకుతుంది. మొదట పెద్దలు ఒప్పుకోకపోవచ్చు. ఓపికగా చెప్పండి.

ఈ ఉత్తరం చదివే దుకాణదారులకూ ఒక విన్నపం. ప్రతి బట్ట మీద అది నూలా, మిశ్రమమా, పాలిస్టరా, చేనేతా, మరమగ్గమా అని తెలుగులో స్పష్టంగా రాసి పెట్టండి. అడిగేవాడు వస్తే విసుక్కోకండి. అడిగి కొన్నవాడే పదేళ్లు మీ గడప తొక్కుతాడు. మూడు జిల్లాల అధికారులకూ, కాలేజీల ప్రిన్సిపాళ్లకూ ఇంకో విన్నపం. యూనిఫామ్ గుడ్డ, సన్మానాల శాలువా, అతిథులకు ఇచ్చే కానుక మన జిల్లాల మగ్గాల నుంచే తీసుకోండి. ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినం జరుపుతున్నాం. 1905లో అదే రోజున కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైన జ్ఞాపకంగా 2015 నుంచి ఆ రోజును ఎంచుకున్నారు. ఆ ఒక్క రోజు చేనేత కట్టి ఫొటో దిగితే సరిపోదు. మిగతా 364 రోజులు కూడా మగ్గానికి నూలు కావాలి, నేతగాడి ఇంట్లో పొయ్యి వెలగాలి.

నేతన్నలకూ ఒక మాట. మీ చీర ఖరీదు చెప్పేటప్పుడు కౌంటు, జరీ రకం, పట్టిన రోజులు కూడా చెప్పండి. వినడానికి కొత్త తరం సిద్ధంగా ఉంది. వాళ్లు మగ్గం చూడటానికి వస్తే లోపలికి రానివ్వండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, చివరిగా మీతో. తక్కువ బట్టలతో బతకడం అంటే బీదగా బతకడం కాదు. ఒంటి మీద ఉన్న ప్రతి బట్ట ఎక్కడ పుట్టిందో, ఎవరు నేసారో, ఎంతకాలం మన్నుతుందో తెలిసి బతకడం. ఆ తెలివి మీకు దగ్గరలోనే, బస్సు దూరంలోనే ఉంది. ఈ నెల జీతం రాగానే ఫోన్ పక్కన పెట్టి, ఒక ఆదివారం గద్వాలకో రాజోలికో అమరచింతకో నారాయణపేటకో వెళ్లండి. మగ్గం ముందు కూర్చోండి, అడగండి, చూడండి. నచ్చితే ఒక్కటి కొనండి. నచ్చకపోతే ఏమీ కొనకుండా తిరిగి రండి. రెండూ మంచి కొనుగోలే.

ఇట్లు,
మీ పాలమూరు శ్రేయోభిలాషి